బిల్లుల ఫైలు ఎక్కడుందో ప్రోగ్రాముకు తెలిసేలా చెయ్యడం

ఒడిశాలోని బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణం, అందులో పైథాన్‌లో రాసిన బిల్లింగ్ ప్రోగ్రాము ఉందనుకోండి. డబుల్ క్లిక్ చేస్తే మూడేళ్ల బిల్లులూ వరసగా కనిపిస్తాయి. రాత్రి 9 గంటలకు బ్యాకప్ తియ్యమని అదే ప్రోగ్రామును విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగిస్తే మాత్రం "నో సచ్ టేబుల్: బిల్స్" అని చేతులెత్తేస్తుంది. సేటు గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి బిల్లులన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ప్రోగ్రామే వేరే ఇంటి తలుపు తట్టింది.

ఒక మాట ముందే: కింద ఆజ్ఞల పేర్లు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. కీబోర్డు మీద మాత్రం మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి.

తప్పు ఎక్కడ మొదలవుతుంది

ఇలాంటి ప్రోగ్రాముల్లో దాదాపు ఎప్పుడూ ఉండే వరస ఇది:

ఎస్‌క్యూలైట్3.కనెక్ట్("బిల్స్.డీబీ")

పేరుకు ముందు ఫోల్డరు లేదు. కాబట్టి ఆ క్షణాన ప్రోగ్రాము ఏ ఫోల్డరులో నిలబడి ఉంటే అందులోనే వెతుకుతుంది. దాన్నే కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ అంటారు. కోడు ఫైలు ఏ ఫోల్డరులో ఉందన్నదానితో దానికి సంబంధం లేదు. ఎక్స్‌ప్లోరర్‌లో డబుల్ క్లిక్ చేస్తే రెండూ ఒకటే అవుతాయి, అందుకే ఇన్నాళ్లూ పని నడిచింది. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ నుంచి తెరిస్తే ఆ షార్ట్‌కట్‌లో "స్టార్ట్ ఇన్" అన్న గడిలో ఏం రాసి ఉంటే అది. వీఎస్ కోడ్‌లో నడిపితే మామూలుగా మీరు తెరిచి పెట్టుకున్న ప్రాజెక్టు ఫోల్డరు. టాస్క్ షెడ్యూలర్‌లో "స్టార్ట్ ఇన్" ఖాళీగా వదిలేస్తే విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32. లినక్స్‌లో క్రాన్ అయితే ఆ యూజరు హోమ్ ఫోల్డరు. సిస్టమ్‌డీ సర్వీసయితే, వర్కింగ్ డైరెక్టరీ చెప్పనంతవరకు ఏకంగా రూట్.

దీనికి ఎస్‌క్యూలైట్ (డేటా అంతటినీ ఒకే ఫైలులో దాచే డేటాబేసు) స్వభావం ఒకటి తోడవుతుంది. చెప్పినచోట ఫైలు లేకపోతే అది అరవదు, కొత్తది ఖాళీగా సృష్టించి నవ్వుతూ కూర్చుంటుంది. ఆ ఖాళీ డేటాబేసులో బిల్స్ అనే పట్టిక ఉండదు కాబట్టి ఎర్రరు రెండో అడుగులో వస్తుంది. షెడ్యూలర్ అడ్మిన్ హక్కులతో నడిపితే ఈ కథ. మామూలు హక్కులతో నడిపితే సిస్టమ్32లో రాయనివ్వరు గనక "అనేబుల్ టు ఓపెన్ డేటాబేస్ ఫైల్" అంటుంది. రెండు ఎర్రర్లకూ మూలం ఒకటే. ఇంతకన్నా ప్రమాదం, పట్టిక లేకపోతే సృష్టించే "క్రియేట్ టేబుల్ ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్" వరస ప్రోగ్రాము మొదట్లోనే ఉండటం. అప్పుడు ఎర్రరే రాదు. ఖాళీ డేటాబేసుకు రోజూ శ్రద్ధగా బ్యాకప్ తీస్తూ పోతుంది.

ఇక్కడ చాలామంది చేసే చిట్కావైద్యం ఓఎస్.సీహెచ్‌డిర్‌తో ప్రోగ్రాము మొదట్లోనే ఫోల్డరు మార్చేయడం. చెయ్యకండి. గుమస్తా కమాండ్ లైన్‌లో తన ఫోల్డరులో ఉన్న సీఎస్‌వీ పేరు ఇస్తే, ఈలోగా ప్రోగ్రాము ఇల్లు మారిపోయి ఉంటుంది, ఆ ఫైలు దొరకదు. దానికి బదులు ప్రతి ఫైలుకూ పూర్తి దారి ఇవ్వాలి, అదెలాగో కింద ఉంది.

ఎస్‌క్యూలైట్‌కి విడిగా ఒక తాళం వెయ్యాలి. ఆ పూర్తి దారిని (పాత్‌ను) యాజ్_యూఆర్ఐ తో మార్చి, చివర "?మోడ్=ఆర్‌డబ్ల్యూ" తగిలించి, కనెక్ట్‌కి యూఆర్ఐ=ట్రూ ఇవ్వండి. అప్పుడు ఫైలు లేకపోతే వెంటనే ఎర్రరు వస్తుంది, కొత్తది పుట్టదు. మొదటిసారి డేటాబేసు సృష్టించే పనిని వేరే ఆజ్ఞగా పెట్టండి. దుకాణంలో అది జన్మకొక్కసారి నడిచే పని.

ఏ ఫైలు ఎవరిది

దారులు రాసే ముందు ఫైళ్లను విడదీయాలి. బిల్లు నమూనా, లోగో, నోటో తెలుగు, నోటో ఒడియా ఫాంట్లు ప్రోగ్రాముతో పాటు వచ్చేవి. కొత్త వెర్షను వేస్తే ఇవి మారాలి, దుకాణంలో ఎవరూ వీటిలో రాయకూడదు. బిల్లులు, ఖాతాదారుల పద్దులు దుకాణం సొత్తు. ప్రోగ్రామును పూర్తిగా తీసేసి మళ్లీ వేసినా వాటి మీద చెయ్యి పడకూడదు. సెట్టింగులు ఈ రెంటికీ మధ్య ఉంటాయి: ఒక దుకాణానికీ ఇంకో దుకాణానికీ తేడా చెప్పేవి. నాలుగోది కూడా ఉంది, లాగులు, కాష్ వంటివి, పోయినా ఎవరూ ఏడవరు.

సరిహద్దు జిల్లాల్లో సెట్టింగుల సంగతి ఊరికే శుభ్రత కోసం చెప్పేది కాదు. ఒకే యజమానికి బరంపురంలో ఒక దుకాణం, రాష్ట్రం దాటగానే ఇచ్ఛాపురంలో ఇంకొకటి ఉంటే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్లు రెండు. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడు: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. కోడులో ఎక్కడో "ఇఫ్ స్టేట్ == 21" అని రాసేసి, ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులో ఇచ్ఛాపురం పట్టుకెళ్తే, సోంపేట వ్యాపారికి ఒకే రాష్ట్రంలో అమ్మితే వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడాల్సిన చోట రాష్ట్రం దాటిన అమ్మకానికి వేసే ఐజీఎస్టీ పడుతుంది. ఆడిటరు దగ్గర బయటపడే దాకా ఎవరికీ తెలియదు.

దారులన్నీ ఒక్క ఫైలులో

ప్యాకేజీలో పాత్స్.పీవై అని ఒక చిన్న ఫైలు పెట్టండి. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే హక్కు దానికొక్కదానికే ఉండాలి. మిగతా కోడంతా దాన్నే అడగాలి.

ప్రోగ్రాముతో వచ్చే ఫైళ్లకు, చిన్న స్క్రిప్టయితే ఇది చాలు:

ఫ్రమ్ పాత్‌లిబ్ ఇంపోర్ట్ పాత్
ఇక్కడ = పాత్(__ఫైల్__).రిజాల్వ్().పేరెంట్
నమూనా = ఇక్కడ / "టెంప్లేట్స్" / "బిల్.హెచ్‌టీఎమ్ఎల్"

రిజాల్వ్ వదిలెయ్యకండి, సింబాలిక్ లింకు ద్వారా నడిపినప్పుడు తేడా తెలుస్తుంది. వాలుగీత (/) జోడింపులో ఒక తిరకాసు ఉంది. కుడివైపు ముక్క వాలుగీతతోనే మొదలైతే ఎడమవైపుదంతా ఎగిరిపోతుంది. "/టెంప్లేట్స్" అని రాస్తే మీ ఫోల్డరు మాయమై డిస్కు మొదటికి పోతుంది.

పిప్‌తో వేసే ప్యాకేజీ అయితే ఇంపోర్ట్‌లిబ్.రిసోర్సెస్‌లోని ఫైల్స్ వాడండి. ఇది పైథాన్ 3.9 నుంచి ఉంది. ఫైల్స్("పట్టుబిల్").జాయిన్‌పాత్(...).రీడ్_టెక్స్ట్(ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8") అంటే చాలు. ఫాంటులాగా అసలు ఫైలు దారే కావాలని పట్టుబట్టే లైబ్రరీలకు యాజ్_ఫైల్‌ను విత్ బ్లాకులో వాడాలి. మీ మెషీన్‌లో నడిచి, దుకాణంలో వేస్తే "ఫైల్ నాట్ ఫౌండ్" వస్తోందంటే సాధారణంగా ఆ ఫైళ్లు వీల్‌లోకి ఎక్కలేదన్నమాట. సెటప్‌టూల్స్ వాడుతుంటే పైప్రాజెక్ట్.టోమల్‌లో ప్యాకేజ్-డేటా పట్టికలో వాటిని చేర్చండి. వీల్ అనేది జిప్పే, తెరిచి కళ్లతో చూసుకోవచ్చు.

దుకాణం సొత్తుకు ప్లాట్‌ఫామ్‌డిర్స్ అనే చిన్న లైబ్రరీ ఉంది, పిప్‌తో వేసుకోవాలి. యూజర్_డేటా_పాత్, యూజర్_కాన్ఫిగ్_పాత్ అని అడిగితే విండోస్‌లో యాప్‌డేటా కింద లోకల్, లినక్స్‌లో హోమ్ కింద చుక్కలోకల్/షేర్, చుక్కకాన్ఫిగ్, ఇలా ఆ సిస్టమ్ ఆచారం ప్రకారం చెప్తుంది. యాప్ పేరు ఒక్కటే ఇస్తే విండోస్‌లో పట్టుబిల్ లోపల మళ్లీ పట్టుబిల్ అని రెండు ఫోల్డర్లు వస్తాయి. రచయిత పేరు ఇవ్వనందుకు యాప్ పేరునే అక్కడ కూడా వాడుతుంది. యాప్‌ఆథర్=ఫాల్స్ అంటే ఆ జంట పోతుంది. ఎన్ష్యూర్_ఎగ్జిస్ట్స్=ట్రూ ఇస్తే ఫోల్డరు లేకపోయినా తానే చేస్తుంది.

ఒకే కంప్యూటరు మీద సేటు ఒక లాగిన్, గుమస్తా ఇంకో లాగిన్ వాడుతుంటే యూజరు ఫోల్డరు పనికిరాదు. ఇద్దరికీ వేర్వేరు బిల్లుల ఫైళ్లు తయారవుతాయి. అప్పుడు ప్రోగ్రామ్‌డేటా ఫోల్డరు వాడాలి, ప్లాట్‌ఫామ్‌డిర్స్‌లో దాని పేరు సైట్_డేటా_పాత్. అయితే ఒక మామూలు యూజరు అక్కడ సృష్టించిన ఫైలును ఇంకో మామూలు యూజరు చదవగలడు గానీ మార్చలేడు. కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఆ ఫోల్డరు మీద ఇద్దరికీ మార్చే హక్కు ఇచ్చి రావాలి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మాత్రం డేటా ఎప్పుడూ పెట్టొద్దు.

మైక్రోసాఫ్ట్ స్టోరు నుంచి వేసిన పైథాన్ అయితే ఇంకో వింత. యాప్‌డేటాలో రాసిన ఫైలు ఎక్స్‌ప్లోరర్‌లో ఆ చోట కనిపించదు, ఆ యాప్ సొంత లోకల్‌కాష్ గూటిలోకి మళ్లించబడుతుంది. దుకాణాల్లో పైథాన్.ఆర్గ్ ఇన్‌స్టాలరే మేలు.

ఒక్క ఈఎక్స్ఈగా మార్చినప్పుడు

పైఇన్‌స్టాలర్‌తో వన్‌ఫైల్ చేస్తే, నడిపిన ప్రతిసారీ లోపలి సరుకంతా ఒక తాత్కాలిక ఫోల్డరులో విప్పుకుంటుంది, మూసేస్తే దాన్ని చెరిపేస్తుంది. __ఫైల్__ చూపించేది ఆ తాత్కాలిక ఫోల్డరునే. నమూనాలు, ఫాంట్లు అక్కడినుంచి చదువుకోవచ్చు, యాడ్-డేటా ఆప్షనుతో వాటిని లోపలికి ఎక్కించాలి, అంతే. బిల్లుల డేటాబేసును కూడా "ఇక్కడ" పక్కనే పెట్టారో, సాయంత్రం ప్రోగ్రాము మూయగానే ఆ రోజు బిల్లులు గాలికి పోతాయి. ఈఎక్స్ఈ పక్కన ఫోల్డరే కావాలనుకుంటే సిస్.ఎగ్జిక్యూటబుల్ పేరెంట్‌ను వాడండి. సిస్.ఫ్రోజెన్ ఉందో లేదో గెట్ఆట్ర్‌తో చూసి దారి మార్చుకోవచ్చు.

సెట్టింగుల ఫైలు

పైథాన్ 3.11 నుంచి టోమల్‌లిబ్ లోపలే వస్తుంది, కొత్త ప్రోగ్రాముకు టోమల్ (సెట్టింగులను సాదా అక్షరాల్లో రాసే పద్ధతి) తీసుకోండి. జేసన్‌లో వ్యాఖ్యలు రాయడానికి వీల్లేదు. "ఇది మార్చితే ప్రింటరు మారుతుంది" అని గుమస్తా కోసం ఒక్క వరస రాయలేని ఫైలు సెట్టింగులకు దండగ. కాన్ఫిగ్‌పార్సర్ పాతది, మంచిదే, కానీ మూడు చోట్ల కాలు జారుతుంది. లేని ఫైలును చదవమంటే ఎర్రరు ఇవ్వకుండా ఊరుకుంటుంది, రీడ్ తిరిగి ఇచ్చే జాబితా ఖాళీగా ఉందేమో మీరే చూడాలి. పాస్‌వర్డులో శాతం గుర్తు ఉంటే ఇంటర్‌పోలేషన్ (అక్కడ ఇంకో విలువను చొప్పించమనడం) అనుకుని తగువు పెడుతుంది. "ఫాల్స్" అన్న మాటను బూల్‌కి ఇస్తే ట్రూ అవుతుంది, గెట్‌బూలియన్ వాడాలి.

బరంపురం దుకాణానికి ఫైలు ఇలా ఉంటుంది:

[దుకాణం]
పేరు_తెలుగు = "..."
పేరు_ఒడియా = "..."
రాష్ట్రం_కోడు = "21"
బిల్లు_ముందుమాట = "బీఎమ్/"

[ఫైళ్లు]
డేటా = 'డి:\బిల్స్'

ఇచ్ఛాపురానికి ప్రోగ్రాము కోడు అదే. ఈ ఫైలులో పేర్లు, "37", ముందుమాట మారతాయి.

రెండు సంగతులు గమనించండి. రాష్ట్రం కోడు కొటేషన్లలో ఉంది. కొటేషన్లు తీసేస్తే అది అంకె అవుతుంది, జీఎస్‌టీ నంబరు నుంచి కోసిన "21" అన్న అక్షరాలతో పోలిస్తే ఎప్పటికీ సమానం కాదు. 09 లాంటి కోడయితే మొదటి సున్నా వల్ల టోమల్ చదవడానికే ఒప్పుకోదు. రెండోది, డేటా దారికి ఒంటి కొటేషన్లు. జంట కొటేషన్లలో అదే దారి రాస్తే వెనకగీత (\), దాని పక్కన బిల్స్ మొదటి అక్షరం కలిసి బ్యాక్‌స్పేస్ అనే కనిపించని గుర్తు అవుతాయి. టోమల్‌లో అది చెల్లుబాటయ్యే గుర్తే కాబట్టి చదివేటప్పుడు ఎర్రరు కూడా రాదు, తరవాతెప్పుడో "అలాంటి ఫోల్డరు లేదు" అంటుంది. పైథాన్ మామూలు స్ట్రింగుల్లోనూ ఇదే తంతు. వాలుగీత (/) వాడితే విండోస్ కూడా కాదనదు, ఏ గొడవా ఉండదు.

విలువలు ఏ వరసలో ఒకదాన్నొకటి దాటాలో ముందే నిర్ణయించండి: కోడులోని డిఫాల్టు, దాని మీద సెట్టింగుల ఫైలు, దాని మీద ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అన్నిటి మీదా కమాండ్ లైన్. ఎన్విరాన్‌మెంట్ నుంచి వచ్చేదంతా అక్షరాలే, "0" కూడా ఖాళీ కాని స్ట్రింగు గనక ఇఫ్‌లో నిజమే అవుతుంది. ఎస్ఎమ్ఎస్ గేట్‌వే కీ, పాస్‌వర్డు వంటివి ఎన్విరాన్‌మెంట్‌లోనో, గిట్ఇగ్నోర్‌లో చేర్చిన వేరే ఫైలులోనో ఉంచి, విలువలు ఖాళీగా ఉన్న నమూనా ఫైలును మాత్రం గిట్‌లో పెట్టండి.

చదివిన వెంటనే సరిచూడండి, బిల్లు వేసేటప్పుడు కాదు. రాష్ట్రం కోడు రెండంకెలేనా, అది జీఎస్‌టీ నంబరు మొదటి రెండంకెలతో కలిసిందా, డేటా ఫోల్డరు ఉందా, బిల్లు ముందుమాట, వరస సంఖ్య కలిపి 16 అక్షరాలు దాటవు కదా (జీఎస్‌టీ నిబంధన అంతకన్నా ఒప్పుకోదు). తప్పుంటే ఏ ఫైలులో, ఏ పేరు దగ్గరో చెప్పి ఆగిపోవాలి. బరంపురం ఠాకూరాణి యాత్ర (అమ్మవారి జాతర) రోజుల్లో కౌంటరు ముందు జనం నిలబడి ఉండగా బయటపడే తప్పుకన్నా పొద్దున్న షట్టరు తీసేటప్పుడు బయటపడేది నయం.

తెలుగు, ఒడియా అక్షరాలు

మూడు లిపులు కలిసే ఊళ్లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఓపెన్ రాయడం పెద్ద తప్పు. 3.14 వరకూ విండోస్‌లో పైథాన్ సిస్టమ్ కోడ్‌పేజీని తీసుకుంటుంది, సాధారణంగా సీపీ1252. తెలుగు రాయబోతే "చార్‌మ్యాప్ కోడెక్ కాంట్ ఎన్‌కోడ్" అంటుంది. ప్రతి ఓపెన్, రీడ్_టెక్స్ట్, రైట్_టెక్స్ట్‌కీ ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8" ఇవ్వండి. 3.15 నుంచి యూటీఎఫ్-8 దానంతటదే వస్తుంది, కానీ దుకాణాల్లో పాత పైథాన్లు ఏళ్ల తరబడి ఉంటాయి.

టోమల్‌లిబ్.లోడ్‌కి ఫైలును "ఆర్‌బీ"తో, అంటే బైనరీగా తెరవాలి. నోట్‌ప్యాడ్‌లో "యూటీఎఫ్-8 విత్ బీఓఎమ్" అని భద్రపరిస్తే ఫైలు మొదట్లో కనిపించని మూడు బైట్లు చేరతాయి, టోమల్‌లిబ్ మొదటి వరస మొదటి అక్షరం దగ్గరే తప్పు అంటుంది. గుమస్తాలు నోట్‌ప్యాడ్‌తో దిద్దే ఫైలయితే రీడ్_టెక్స్ట్‌కి "యూటీఎఫ్-8-సిగ్" ఇచ్చి చదివి, లోడ్స్‌కి అందించండి. బీఓఎమ్ ఉన్నా లేకున్నా నడుస్తుంది. ఎక్సెల్ కోసం తీసే సీఎస్‌వీకి మాత్రం రాసేటప్పుడే యూటీఎఫ్-8-సిగ్ వాడాలి, లేకపోతే డబుల్ క్లిక్‌తో తెరిచినప్పుడు ఒడియా, తెలుగు పేర్లు పిచ్చిగీతలవుతాయి. జేసన్ డంప్‌లో ఎన్ష్యూర్_ఆస్కీ=ఫాల్స్ లేకపోతే తెలుగంతా వెనకగీత-యూ కోడ్లుగా మారుతుంది. డేటా పాడవదు గానీ మనిషి చదవలేడు.

ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉంచండి. ఇది భాషాభిమానం లేక కాదు. తెలుగులో ఐత్వం ఒకే కోడుగానూ, రెండు కోడ్ల జంటగానూ రాయొచ్చు, కంటికి రెండూ ఒకటే. "డిసెంబర్‌లో" అన్నప్పుడు పొల్లు పక్కన ఒక కనిపించని గుర్తు ఉంటుంది, ఒక కీబోర్డు వేస్తుంది, ఇంకోటి వెయ్యదు. ఫైలు కళ్లెదుటే ఉంటుంది, ప్రోగ్రాము లేదంటుంది. చిన్న అక్షరాలే ఎందుకంటే విండోస్‌లో పెద్దా చిన్నా తేడా పట్టించుకోకుండా దొరికిన ఫైలు లినక్స్ సర్వరు మీద దొరకదు.

రాస్తుండగా కరెంటు పోతే

సెట్టింగుల ఫైలును ఓపెన్ "డబ్ల్యూ"తో తెరిచిన క్షణమే పాతది ఖాళీ అవుతుంది. కొత్తది పూర్తయ్యేలోపు కరెంటు పోతే మిగిలేది సగం ఫైలు. అందుకని అదే ఫోల్డరులో వేరే పేరుతో రాయండి, ఫ్లష్ చెయ్యండి, ఓఎస్.ఎఫ్‌సింక్ పిలవండి, ఫైలు మూసి, ఓఎస్.రీప్లేస్‌తో అసలు పేరు మీదికి మార్చండి. అదే ఫోల్డరు అన్నది ముఖ్యం: సీ డ్రైవు టెంప్‌లో రాసి డీ డ్రైవుకు రీప్లేస్ చేద్దామంటే కుదరదు. విండోస్‌లో ఆ ఫైలును ఇంకెవరైనా తెరిచి ఉంచితే పర్మిషన్ ఎర్రరు వస్తుంది, ఒకటి రెండుసార్లు ఆగి మళ్లీ ప్రయత్నించండి.

డేటాబేసును కాపీ-పేస్టుతో బ్యాకప్ తియ్యకండి. రాస్తూ ఉన్నప్పుడు తీసిన కాపీ నమ్మదగింది కాదు. ఎస్‌క్యూలైట్3 కనెక్షన్‌కి బ్యాకప్ అనే మెథడ్ 3.7 నుంచీ ఉంది, ప్రోగ్రాము నడుస్తుండగానే సరైన కాపీ తీస్తుంది. తీసిన కాపీ వన్‌డ్రైవ్ ఫోల్డరులో ఉంటే మంచిదే. నడుస్తున్న అసలు డేటాబేసును మాత్రం వన్‌డ్రైవ్‌లోనో, పక్క కౌంటరు షేర్డ్ ఫోల్డరులోనో పెట్టొద్దు. నెట్‌వర్కు షేరుల మీద ఎస్‌క్యూలైట్ తాళాలు సరిగ్గా పడకపోవచ్చు, వాల్ మోడ్ (మార్పులను ముందు పక్క ఫైలులో రాసుకునే పద్ధతి) అయితే అక్కడ పనిచెయ్యదు. రెండు కౌంటర్లూ ఒకేసారి బిల్లు వెయ్యాలంటే పోస్ట్‌గ్రెస్ వంటి సర్వరు డేటాబేసుకు మారే రోజు వచ్చిందన్నమాట. ఇక ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను బరంపురం పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటింది. బరంపురం కాపీ, ఇచ్ఛాపురం కాపీ రెండూ ఒకే తుపాను దారిలో ఉన్నాయి.

వదిలి వచ్చే ముందు

ప్రోగ్రాముకు "--పాత్స్" అనే ఆప్షన్ పెట్టండి. అది ఏ బిల్లూ ముట్టకుండా ఐదారు వరసలు ముద్రించాలి: పైథాన్ వెర్షను, వర్కింగ్ డైరెక్టరీ, చదివిన సెట్టింగుల ఫైలు పూర్తి దారి, డేటాబేసు పూర్తి దారి, దాని సైజు, చివరిగా మారిన తేదీ. ఫోన్‌లో "బిల్లులు కనిపించట్లేదు" అన్నప్పుడు ఆ వరసలు చదివి వినిపించమంటే సగం కేసులు అక్కడే తెగుతాయి.

తరవాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్కు మొదటికి వెళ్లి, పైథాన్‌కీ స్క్రిప్టుకీ పూర్తి దారి ఇచ్చి నడపండి. అక్కడినుంచి ఒకసారి, షార్ట్‌కట్ నుంచి ఒకసారి, టాస్క్ షెడ్యూలర్‌లో "రన్" నొక్కి ఇంకోసారి. మూడుసార్లూ డేటాబేసు వరస అక్షరం తేడా లేకుండా ఒకటే రావాలి. షెడ్యూలర్ పని వేరే యూజరు పేరు మీద నడుస్తుంటే యూజరు ఫోల్డరు మారి ఆ ఒక్క వరసే తేడా వస్తుంది. అప్పుడు ఆ పనిని దుకాణం లాగిన్‌కి మార్చండి, లేదా డేటా దారిని సెట్టింగుల్లో నేరుగా రాసి, సెట్టింగుల ఫైలు దారిని కమాండ్ లైన్‌లో అందించండి.